పదకొండులో నాలుగు

“ఎవత్తెరా అది?”

అత్తగారు మూడోసారి అడిగింది. కొడుకు మూడోసారీ టీ కప్పులోకే చూశాడు.

బల్ల మీద ఫోను వెల్లకిలా పడుంది. పాతది, అద్దం ఒక మూల పగిలింది. నిన్న సాయంత్రం అత్తగారు కొడుకు పనిసంచీ దులపబోతే, అడుగున చుట్టిపెట్టిన చేతితొడుగులోంచి జారి ఆమె పాదం మీద పడింది. పాదం నొప్పి కాసేపటికే తగ్గింది. మిగతాది తగ్గలేదు.

“నలభై రెండేళ్ళొచ్చాయి. చేతితొడుగుల్లో ఫోన్లు దాచుకునే వయసా ఇది? పెరట్లోకెళ్ళి నొక్కుకోవడం, నేనొస్తే జేబులో కుక్కుకోవడం. నా కళ్ళు మసకేగానీ చెవులు మసక కాదు.”

“అమ్మా, ఆడమనిషీ లేదు, మట్టీ లేదు.”

“అంటే మగమనిషా?”

ఇంకో రోజైతే కోడలు పగలబడి నవ్వేది. ఇవాళ ఆఫీసు కార్డు మెడలో వేసుకుని, గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. ఇంట్లోకి వస్తున్నట్టూ లేదు, బయటికి పోతున్నట్టూ లేదు.

“ఆడమనిషైతే బాగుండేది అత్తయ్యా,” అంది.

అత్తగారు తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఏ పెళ్ళాం నోటా వినే మాట కాదది.

“ఈ ఫోన్లో ఒకే ఒక్క నంబరుంది. చివర ఆరు వందల పంతొమ్మిది. అది నాకు కంఠతా వచ్చు. పోయిన నెల నా చేత్తో నేనే రిపోర్టులో రాశాను.”

అతను అప్పుడు తలెత్తాడు.

మొగుడూ పెళ్ళాలిద్దరిదీ ఒకటే మొబైల్ కంపెనీ. అతను టవర్ మెకానిక్, కొండలెక్కే పని. ఆమె హెడ్డాఫీసులో తనిఖీ అధికారి, ఎవర్నీ నమ్మకపోవడమే పని. పదిహేడో కొండ మీద టవరుకి సిగ్నలు నడిపే చైనా మిషనులోకి ముక్కూ మొహం తెలీని వాళ్ళెవరో పదకొండుసార్లు చొరబడ్డారని కనిపెట్టింది ఆమే. వాళ్ళు లోపలికొచ్చిన లైను ఫోను నంబరు కూడా పట్టుకుంది. ఆ కాగితం చూసి పైవాళ్ళు గుండెలు బాదుకున్నారు. చైనా కంపెనీ తన మిషన్లలో దొడ్డిదారి పెట్టుకుందని తేల్చేశారు. ఇరవై ఏడు కొండల మీదా ఆ కంపెనీ మిషన్లే. సోమవారం పొద్దున్న అన్నింటినీ ఆపేయాలని ఉత్తర్వు తయారైంది. వేరే కంపెనీ మిషన్లు రావడానికి మూడు నెలలు. అప్పటిదాకా కొండల్లో ఫోన్లు పలకవు. ఇవాళ మధ్యాహ్నం మూడింటికి ఆ ఉత్తర్వు మీద సంతకం పడుతుంది.

“ఆ పదకొండుసార్లూ చొరబడింది ఈ ఇంట్లోంచా?” అంది కోడలు. “నా పెరట్లోంచా?”

“చొరబడటమేంటి? నా పని నేను చేసుకున్నాను.”

“దొంగచాటుగానా?”

“మోకాలు,” అన్నాడు.

“ఏ మోకాలు?”

“కుడిది. ఏడాదిన్నరైంది.”

అత్తగారు బల్ల కిందికి వంగి చూసింది, మోకాలు అక్కడ ఉందో లేదో తేల్చుకోవాలన్నట్టు.

మాట బయటపడ్డాక ఆగలేదు. జీపు ఆగిన చోటినుంచి పదిహేడో కొండకి గంటన్నర నడక. మిషను వారానికోసారి మొద్దుబారిపోతుంది. ఆపి మళ్ళీ ఆన్ చేస్తే చాలు, నిద్రలేచినట్టు లేచి కూర్చుంటుంది. ఆ ఒక్క పనికి కొండెక్కి దిగితే మర్నాడు కాలు కింద పెట్టలేడు. ఆ సంగతి డాక్టరు పరీక్షలో తేలితే టవరెక్కనివ్వరు. అందుకని కొండ కింద నుంచి వచ్చే తీగ లైనుకి ఓ చిన్న పెట్టె తగిలించాడు. ఇంట్లోంచి ఫోను కొడితే ఆ పెట్టె మిషను తలుపు తీస్తుంది.

“ఇదివరకు చైనా ఇంజినీరుండేవాడు. వాళ్ళ దేశంలో కూర్చునే సరిచేసేవాడు పాపం, ఫోన్ చేస్తే పది నిమిషాలు. వాళ్ళని లోపలికి రానీయొద్దని రూలు పెట్టింది ఎవరు? మీ ఆఫీసే. రిపేరువాణ్ణి గెంటేశారు, రిపేరుని మాత్రం నాకొదిలేశారు.”

“వాళ్ళ దేశంలో కూర్చుని సరిచేసేవాడు, వాళ్ళ దేశంలో కూర్చుని ఆపనూ గలడు. అందుకే గెంటాం.”

“ఎప్పుడైనా ఆపాడా?”

“ఆపాక పెడతారా రూలు?”

“సరే. రేపు రాబోయే కొత్త కంపెనీవాడు ఎక్కడ కూర్చుంటాడు? మన వంటింట్లోనా? వాడూ వాళ్ళ దేశంలోనే కదా.”

 ఈ ప్రశ్న ఆఫీసు మీటింగులో కోడలే ఒకసారి అడిగింది.  ఆ దేశంవాళ్ళు మన మిత్రులమ్మా అన్నారు పైవాళ్ళు, అంతే.

“పెట్టె ఎక్కడ కొన్నారు?” అంది.

“పాత సామాన్ల కొట్లో.”

“దాని మీద ఏ కంపెనీ పేరుంది?”

“చెరిగిపోయింది.”

“పాస్‌వర్డ్?”

అతను నీళ్ళు నమిలాడు. “దానితో ఏదొస్తే అదే.”

“అంటే ఆ రకం పెట్టె కొన్న ప్రతివాడికీ తెలిసినదే. నేను ఒక్కో తాళం లాగి లాగి చూస్తుంటే, మీరు పక్కనే గోడకి కన్నం కొట్టి, ఆ కన్నానికి కర్టెన్ కట్టారు.”

“ఎవరు చూడొస్తారు ఆ కొండమీదికి?”

ఆమె బల్ల దగ్గరికి వచ్చింది. పగిలిన అద్దం మీద వేలితో పైకి జరుపుతూ లెక్కపెట్టింది. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది.

“నేను తనిఖీ చేసిన నెలన్నరలో ఏడుసార్లు ఫోన్ చేశారు. ఏడుసార్లూ మిషను ఆపి ఆన్ చేశారు.”

“అవును.”

“ఇంకో ఫోన్లోంచి?”

“ఇంకో ఫోనెందుకు? ఇదొక్కటి దాచలేకే చస్తున్నా.”

“నా రిపోర్టులో పదకొండు.”

అతను వేళ్ళు మడిచి లెక్కేసుకున్నాడు.

“మిగతా నాలుగుసార్లూ మిషను ఆపలేదు,” అందామె. “లోపలికొచ్చారు. నాలుగైదు నిమిషాలున్నారు. దేన్నీ ముట్టుకోకుండా వెళ్ళిపోయారు.”

అంతవరకూ అతని మొహంలో ఉన్నది మోకాలి భయం. ఇప్పుడు అది కాదు. “నేను కాదు. అమ్మ మీద ఒట్టు.”

“నా మీద ఎందుకురా మధ్యలో?” అంది అత్తగారు. తర్వాత కోడలి వైపు తిరిగి, “ఏదీ ముట్టుకోకుండా పోయినవాడు దొంగెలా అవుతాడే?” అంది.

“చూసుకుని పోయినవాడు మళ్ళీ వస్తాడు అత్తయ్యా.”

కోడలు మొగుడి కళ్ళలోకే చూస్తోంది. పదకొండేళ్ళుగా తెలిసిన కళ్ళు. ఏడాదిన్నరగా మోకాలి నొప్పిని దాచిన కళ్ళు కూడా అవే. అన్నీ తెలుసుననుకున్న మనిషిలో ఒక్కటి తెలియనిది బయటపడితే, తెలిసినవన్నీ మళ్ళీ మొదటినుంచి తనిఖీ చేయాలనిపిస్తుంది.

“ఇలాంటి పెట్టె ఇంకే కొండ మీదైనా పెట్టారా?”

“లేదు.”

పొద్దున్నుంచి అతని ప్రతి జవాబూ నసుగుతూ వచ్చింది. ఇదొక్కటే వెంటనే వచ్చింది.

ఆమె ఇంకేదో అడగబోయింది. ఈలోపు ఆమె సొంత ఫోన్ మోగింది. ఆడపడుచు. పదిహేడో కొండ మీది ఆరోగ్య కేంద్రంలో నర్సు. అత్తగారు చెయ్యి చాచి స్పీకర్ నొక్కేసింది. ఆ ఇంట్లో ఎవరి ఫోనైనా ఆమెకి సగం వాటా.

“వదినా! అన్నయ్య ఫోన్ ఎత్తడేం? ఇక్కడ గోడకి కాగితం అంటించారు, సోమవారం నుంచి సిగ్నలుండదట, మూడు నెలలట. నిజమేనా?”

“అలా అనుకుంటున్నారు.”

“అనుకోవడానికేం, కింద కూర్చుని ఎన్నైనా అనుకుంటారు. మొన్న ఒక ముసలాయన ఛాతీ పట్టుకుని వచ్చాడు. గుండె పరీక్ష కాగితం ఫోటో తీసి కింద డాక్టరుకి పంపాను. రెండు నిమిషాల్లో ఏ ఇంజెక్షన్ ఇవ్వాలో చెప్పాడు. ఆ ముసలాయన ఇప్పుడు మంచం మీద కూర్చుని టీలో పంచదార తక్కువైందని నన్ను తిడుతున్నాడు. సోమవారం తర్వాత వచ్చేవాడితో ఏం చెప్పమంటావ్? మూడు నెలలాగి గుండెనొప్పి తెచ్చుకోమనాలా?”

కోడలు మెడలో ఆఫీసు కార్డు తిప్పి పెట్టుకుంది.

“ఎవడో పనిలేనివాడు రిపోర్టు రాశాడట వదినా. చైనావాళ్ళు మన మాటలు వింటున్నారని. ఇక్కడ మేం మాట్లాడేది మేకల గురించి. వింటే విననీ, వాళ్ళకీ కాస్త కాలక్షేపం. ఆ రాసినవాడు నా చేతికి చిక్కాలీ...”

“నేనే రాశాను.”



“అయితే నువ్వే చెరుపు,” అంది ఆడపడుచు. ఫోన్ పెట్టేసింది.

అత్తగారు కుర్చీ జరుపుకుని కూర్చుంది. ఇందాకటి గొంతు కాదు ఇప్పుడు. “అమ్మాయ్, ఉన్నది ఉన్నట్టు చెప్తే వీడికేమవుతుంది?”

“ఉద్యోగం పోతుంది. పోలీసుల దాకా వెళ్ళినా వెళ్తుంది. ఏడు ఈయనవని ఒప్పుకుంటే ఆ నాలుగూ ఈయన నెత్తినే రుద్దుతారు. కాదని రుజువు చేయడానికి మన దగ్గరేముంది, మీ మీద వేసిన ఒట్టు తప్ప?”

“చెప్పకపోతే?”

“కొండలన్నీ మూగబోతాయి.”

ఒకవైపు కొడుకు, ఒకవైపు కూతురు. అత్తగారు కొంగుతో బల్ల మీద లేని దుమ్ము తుడిచింది.

“నీ ఇష్టం,” అన్నాడు అతను.

“నా ఇష్టం అడిగేవాళ్ళు పెట్టె బిగించే ముందు అడగాలి.”

ఆమె ఆ ఫోన్ తీసి బ్యాగులో వేసుకుంది. చెప్పులు తొడుక్కుంటుంటే వెనక నుంచి అతను, “సాక్ష్యంగానా?” అన్నాడు. ఆమె వినిపించుకోనట్టే మెట్లు దిగింది.

* * *

హెడ్డాఫీసులో డైరెక్టరమ్మ గదిలో ఏసీ నీళ్ళు కారుతోంది. కింద ప్లాస్టిక్ బకెట్ పెట్టారు. దేశం మొత్తం మాట్లాడుకునే తీగలన్నీ ఆ గది కనుసన్నల్లో నడుస్తాయి. ఏసీ మెకానిక్ మాత్రం నెలనుంచీ రాలేదు.

కోడలు చెప్పిందంతా ఆవిడ అడ్డుపడకుండా వింది. అది మంచి గుర్తు కాదు. మామూలుగా ఆవిడ మాటకి మూడుసార్లు అడ్డుపడుతుంది.

“ఈ ఫోన్ మీ ఇంట్లో ఎప్పుడు బయటపడింది?”

“నిన్న సాయంత్రం.”

“నాకెప్పుడు చెప్తున్నావు?”

“ఇవాళ.”

“మధ్యలో ఒక రాత్రంతా ఉంది. ఆ రాత్రి ఈ ఫోన్లోంచి ఎన్ని చెరిపేశారో నాకెలా తెలుసు?”

కోడలికి చెంప ఛెళ్ళుమన్నట్టైంది. తన కుర్చీలో ఇంకొకరుంటే తనూ అదే అడిగేది. అందుకే ఎక్కువ మండింది.

“తెలీదు మేడమ్. ఆ సిమ్ము వేరే కంపెనీది, వాళ్ళ రికార్డులు తెప్పించండి, తేలుతుంది.”

“తెప్పిస్తాను. దానికి వారం. ఉత్తర్వుకి గంట.” ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. “ఇప్పుడు నన్నేం చేయమంటావు?”

“ఇరవై ఏడూ ఆపొద్దు. వచ్చినవాళ్ళు చైనా మిషను పెట్టిన దారిలోంచి రాలేదు. మా ఆయన తగిలించిన పెట్టెలోంచి వచ్చారు. రేపు ఏ దేశం మిషను పెట్టినా, పక్కన ఇలాంటి పెట్టె ఒకటి వేలాడితే ఇదే జరుగుతుంది.”

“వచ్చినవాడు చైనావాడు కాదని రాసివ్వగలవా?”

“లేను.”

“అవునని?”

“అదీ రాయలేను.”

“మరి దేన్ని నమ్మమంటావు?”

“రేపెవరో ఆపేస్తారన్న భయంతో ఇవాళ మన చేత్తో మనమే ఆపుతున్నాం మేడమ్. పైన మా ఆడపడుచు నర్సు. ఆమెకి ఎవరు ఆపితే ఏంటి?”

డైరెక్టరమ్మ కోప్పడలేదు. బకెట్లో పడే చుక్కల్ని చూస్తూ మాట్లాడింది.

“తేడా ఉంది. మనం ఆపింది మనం మళ్ళీ మొదలుపెట్టగలం. రెండు దేశాలకీ చెడిన రోజున వాళ్ళు ఆపితే, ఎవరి కాళ్ళు పట్టుకోవాలి? వాళ్ళ సర్కారు ఒక మాటంటే కాదనే దమ్ము అక్కడి కంపెనీకి లేదు. కోర్టుకెళ్ళి ఆపించేవాడూ లేడు. నాకు ఆ మిషను మీద పగ లేదు. నిజం చెప్పాలంటే మంచి మిషను. చవక, గట్టి, చలికీ ఎండకీ చెడదు. అందుకే కొండలెక్కించాం. ఇప్పుడు దించాలంటే అమ్మేవాళ్ళు ఇద్దరే మిగిలారు. ఆ ఇద్దరి గుమ్మం ముందూ దేశాలన్నీ బారులు తీరి ఉన్నాయి. మన వంతు మూడు నెలలకి. ఇది నాకు తెలీదనుకుంటున్నావా?”

“తెలుసుకాబట్టే అడుగుతున్నా. కొత్తది వచ్చిన కొండ మీద పాతది దించుదాం. ఒక్కోటీ. అప్పటిదాకా పక్కదారులన్నీ మూసేసి, రోజూ పొద్దున్నా సాయంత్రం నేనే చూస్తాను.”

“మూయడానికి ముందు ఎన్ని దారులున్నాయో తెలియాలి కదమ్మా. ఒకటేనా?”

“ఒకటే.”

“నువ్వు చూసింది ఒక్క కొండ. మిగతా ఇరవై ఆరింటి మీదా ఏముందో ఎవరు చూశారు?”

“మా ఆయన చెప్పాడు.”

“ఏడాదిన్నర నీ పక్కన కూర్చుని అన్నం తింటూ మోకాలు దాచిన మనిషి.”

కోడలు తల దించుకోలేదు. అయితే ఆ ‘లేదు’ చెవిలో మళ్ళీ వినిపించింది. నసగకుండా, తడుముకోకుండా వచ్చిన లేదు. అమాయకుడు అలాగే చెప్తాడు. ముందే సిద్ధం చేసుకున్నవాడూ అలాగే చెప్తాడు.

డైరెక్టరమ్మ ఒక తెల్లకాగితం ముందుకి తోసింది.

“రాయి. ఇలాంటి పెట్టె పదిహేడో కొండ మీద ఒక్కటే ఉంది, మిగతా చోట్ల లేదు, దీనికి బాధ్యత నాది అని. కింద నీ పేరు, సంతకం. అది నా చేతికొస్తే ఉత్తర్వు నిలిపేస్తాను. పదిహేడు తప్ప మిగతావి నడుస్తాయి. ఆ ఒక్కదాన్నీ పెట్టె పీకించి రెండు రోజుల్లో మళ్ళీ నడిపిద్దాం. మీ ఆయన సంగతి తర్వాత, చట్టం ప్రకారం. దానికి మాత్రం నన్నడక్కు.”

“అడగను.”

“రేపు రెండో పెట్టె బయటపడిందా, నువ్వూ ఆయన పక్కనే నిలబడతావు. మొగుడితో కలిసి కప్పిపుచ్చావంటారు. నేనూ అదే అంటాను.”

తనిఖీ పనికి ఒకటే నియమం: కంటితో చూడనిది కాగితం మీద పెట్టకూడదు. కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజు ఆమె చెప్పే పాఠం అదే. సంతకం పెట్టేముందు రెండోసారి వెళ్ళి చూసొచ్చే మనిషని ఆఫీసంతా ఆమెని వెక్కిరిస్తుంది.

ఇరవై ఆరు కొండలు చూసి రావడానికి నెల కావాలి. గోడ మీద గడియారం రెండూ నలభై చూపిస్తోంది.

ముసలాయన టీలో పంచదార గుర్తొచ్చింది. కలం తీసింది. విన్న మాటని చూసిన మాటలా రాసింది. సంతకం ఎప్పటిలాగే తిన్నగా పడింది. ఆమెకే ఆశ్చర్యం వేసింది.

డైరెక్టరమ్మ కాగితం రెండుసార్లు చదివింది. ఉత్తర్వు ఫైలు దగ్గరికి లాక్కుంది. మొదటి పేజీ అంచున, ఎర్ర సిరాతో, ‘ఈ ఉత్తర్వు నిలిపివేత’ అని రాయడం మొదలుపెట్టింది.

కోడలి ఫోన్ మోగింది. ఇల్లు. ఆమె కట్ చేయబోయింది.

“ఎత్తు,” అంది డైరెక్టరమ్మ, రాస్తూనే. “మీ ఇంట్లో ఏం జరిగినా ఇవాళ్టికి నా పనే.”

స్పీకర్ నొక్కే పని లేకపోయింది. అత్తగారికి ఫోన్ అంటే అవతలి ఊరికి కేకేయడమే.

“అమ్మాయ్! వీడు బయల్దేరి పోయాడే! మోకాలికి గుడ్డ చుట్టుకుని మరీ పోయాడు. ఆగరా అంటే ఆగలేదు.”

“ఎక్కడికి?”

“ఎక్కడికేంటి, కొండకే. నువ్వు గడప దాటిన దగ్గర్నుంచి ఒకటే ఫోన్లు. తనతో పనిచేసేవాళ్ళందరికీ. తొమ్మిదో పదో చేశాడు.”

కోడలు ఫోన్‌ని చెవికి అదిమి పట్టుకుంది. “నేను మళ్ళీ చేస్తాను అత్తయ్యా...”

“ఆగు, మొత్తం విను! నాకేం తెలుసు తల్లీ మీ టవర్ల సంగతి. అందరికీ ఒకటే ముక్క చెప్పాడు. సాయంత్రంలోగా ఎవరి కొండ మీదది వాళ్ళు విప్పేయండి, కిందికి మోసుకురాకండి, లోయలోకి గిరాటేయండి అని. ఏంటే విప్పేది?”

కోడలు ఫోన్ పెట్టేసింది. చెయ్యి అక్కడే, చెవి దగ్గరే ఉండిపోయింది.

ఎర్ర సిరా కలం కాగితం మీదే ఉంది, కదలడం లేదు. ఆనించిన చోట చిన్న మచ్చ మెల్లగా పెద్దదవుతోంది.

“మీ అత్తగారు,” అంది డైరెక్టరమ్మ తలెత్తకుండా, “కాస్త గట్టిగా మాట్లాడతారు కదూ?”